మార్చిన గుండె, మాతృత్వము

గర్భము ధరించిన స్త్రీ శరీరములో రక్తము 40 నుండి 50 శాతము వరకు పెరుగును. గుండె నిమిషమునకు పంపు రక్తము కూడ దాదాపు ఆ మేరకే హెచ్చును. ఆరోగ్యవతి అయిన తల్లి గుండె ఈ అదనపు పనిని ఏ చిక్కు లేకుండ చేసికొనిపోవును. కాని ఆ గుండె ఆమెతో పుట్టినది కాక, మరణించిన వేరొకరి నుండి తీసి అమర్చినదైనచో? ఈ ప్రశ్నకు జవాబు దొరకుటకు ఇరువది ఏండ్లకు పైగా పట్టినది.

1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ మొదటి సారి మనిషి గుండెను మనిషికి అమర్చినాడు. ఆ గుండె ప్రమాదములో మరణించిన 25 ఏండ్ల యువతిది. దానిని పొందిన రోగి 18 రోజులే జీవించి న్యుమోనియాతో మరణించినాడు. పరాయి అవయవమును శరీరము సహించదు. ఆ తిరస్కారమును అణచుటకు మందు లిచ్చినచో అంటురోగములను ఎదుర్కొను శక్తియు అణగిపోవును. పెక్కు ఆస్పత్రులు నిరాశతో ఈ శస్త్రచికిత్సను మానివేసినవి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో నార్మన్ షమ్‌వే మాత్రము పట్టు విడువలేదు. బ్రదుకుటే సందేహమైన ఆ రోజులలో సంతానము మాట తలచువారు ఎవరు?

మూత్రపిండము విషయములో అంతకు ముందే ఒక శుభవార్త కలదు. 1956లో తన కవల సోదరి మూత్రపిండమును పొందిన ఒక అమెరికన్ స్త్రీ 1958లో ఆరోగ్యవంతుడైన బిడ్డను కన్నది. అయితే వారు ఒకే పిండము నుండి విడిపోయిన కవలలు. అందువలన తిరస్కారము లేదు, దానిని అణచు మందుల అవసరమును లేదు. గుండెను పొందినవారికి అట్టి అదృష్టము ఉండదు.

నార్వే మట్టిలోని ఒక బూజు నుండి లభించిన సైక్లోస్పోరిన్ అను మందు పరిస్థితిని మార్చినది. 1983లో అమెరికాలో దీనికి అనుమతి లభించినది. గుండె మార్పిడి పొందినవారు ఏండ్ల తరబడి జీవించసాగినారు. మన దేశములో రాజమహేంద్రవరమున జన్మించిన డాక్టర్ పి. వేణుగోపాల్ 1994 ఆగస్టు 3న ఢిల్లీలో మొదటి సఫలమైన గుండె మార్పిడిని నిర్వహించినారు.

వైద్యులను కలవరపెట్టిన సంగతి మరొకటి కలదు. గుండెను కోసి తీయునప్పుడు దాని నాడులు తెగిపోవును. వేగమును తగ్గించు నాడి లేకపోవుటచే అమర్చిన గుండె విశ్రాంతిలోనే నిమిషమునకు 90కి పైగా కొట్టుకొనును. మెదడు ఆజ్ఞ చేరని ఆ గుండెకు తల్లి గర్భవతియని ఎట్లు తెలియును? దీనికి జవాబు ఎన్నడో లండనులో సిద్ధమై యున్నది. ఇరువదవ శతాబ్ది రెండవ దశాబ్దములో స్టార్లింగ్, నాడుల అదుపు నుండి వేరుచేసిన కుక్క గుండెపై ప్రయోగములు చేసి, లోనికి వచ్చు రక్తము హెచ్చిన కొలది గుండె అంత బలముగా ముడుచుకొనునని చూపినాడు. (దీనిని రబ్బరు పట్టీతో పోల్చి చెప్పుట కలదు, కాని రబ్బరు సాగదీసిన శక్తినే తిరిగి ఇచ్చును, కండరము తన శక్తిని వెచ్చించి పనిచేయును.) గర్భిణిలో రక్తము నెలల తరబడి మెల్లగా పెరుగును గనుక నాడుల ఆజ్ఞతో పని లేదు. గుండె మార్పిడి తరువాత జరిగిన సఫలమైన కానుపు వివరము 1988లో వైద్య పత్రికకు ఎక్కినది.

ఒక కానుపు నిదర్శనమే గాని శాస్త్రము కాదు. 1991లో ఫిలడెల్ఫియాలో డాక్టర్ విన్సెంట్ ఆర్మెంటి, అవయవ మార్పిడి పొందిన తల్లుల అనుభవములను నమోదు చేయు పట్టికను ప్రారంభించినాడు. ఆ స్త్రీలే స్వయముగా వివరములు తెలిపినారు. అసలు చిక్కు గుండె బలములో కంటె ఇతరత్ర ఎక్కువగా ఉన్నట్లు తేలినది: రక్తపు పోటు, నెలలు నిండని కానుపు, తక్కువ బరువుతో పుట్టిన శిశువులు.

అంతకంటె విలువైన పాఠము మైకోఫినోలేట్ అను మందును గూర్చినది. గర్భిణులు దీనిని వాడినప్పుడు గర్భస్రావములు హెచ్చుటయు, కొందరు శిశువులు చెవులు సరిగా ఏర్పడక, పెదవి చీలి పుట్టుటయు ఈ పట్టికలో బయటపడినవి. 2007లో అమెరికా ప్రభుత్వము దానిపై తీవ్రమైన హెచ్చరిక ముద్రింపించినది. చెవులు, పెదవులు రూపొందునది మొదటి కొద్ది వారములలోనే. అప్పటికి గర్భము నిలిచినట్లు తల్లికే తెలియకపోవచ్చును. కావున గర్భము వచ్చిన పిదప మందు మార్చుట ఆలస్యమైన పని. కనీసము ఆరు వారములు ముందుగానే దానిని మాని, అజథయోప్రిన్ వంటి మందును వాడి, శరీరము గుండెను తిరస్కరించుట లేదని చూచుకొనవలెను. మార్పిడి జరిగి కనీసము ఒక ఏడాది గడువవలెను. అంతవరకు గర్భనిరోధక సాధనము తప్పదు. మందులను తమంతట తాము మానుట మాత్రము ప్రాణాపాయకరము.

గర్భములో రక్తము పెరుగుటచే టాక్రోలిమస్ వంటి మందుల మోతాదు చాలకపోవచ్చును గనుక తరచుగా రక్తపరీక్ష చేయుదురు. కానుపుతో జాగ్రత్త ముగియదు. అమర్చిన గుండె రక్తనాళములు ఏండ్లు గడిచిన కొలది సన్నబడవచ్చును. నాడులు తెగినందున హెచ్చరించు నొప్పి సాధారణముగా రాదు. పసిబిడ్డ పనులలో మునిగిన తల్లి తన పరీక్షలను వాయిదా వేయుట ఇందుచేతనే ప్రమాదకరము. గుండె మార్పిడి పొందినవారిలో సగము మంది 12 ఏండ్లకు పైగా జీవించుచున్నారు. బిడ్డ పెంపకమునకు అది చాలునా అను ప్రశ్నను వైద్యుడు దాచరాదు, నిర్ణయము ఆమెదే.

ఇంకొక సంగతి. గుండె మారినను తల్లి అండములు మారవు. ఆమె మొదటి గుండెను చెరిచిన వ్యాధి వంశపారంపర్యమైనదైనచో, కొన్ని రకములలో ప్రతి బిడ్డకును సగము అవకాశముతో సంక్రమించును. అందుచే ఆ పరీక్షయు గర్భమునకు ముందే జరుగవలెను. ఫిలడెల్ఫియా పట్టిక తరువాత అంతర్జాతీయమైనది. తల్లులతో పాటు వారి పిల్లల ఆరోగ్యమును గూర్చియు అందులో వ్రాసికొనుచున్నారు.