జలియన్‌వాలాబాగ్‌లో ఒక సాయంత్రము



మన అధ్యక్ష మండలము నూరేండ్ల పండుగ జరుపుకొను ఈ వేళ దేవుడు చేసిన మేలులను తలంచుట మన విధి. వాటితోపాటు చేదైన సంగతులనుకూడ సంఘము తలంచవలెనని అమృత్‌సర్‌లో మేము నేర్చుకొంటిమి.

ఒక సదస్సుకై ఆ పట్టణము వెళ్ళిన గురువులము కొందరము కలిసి జలియన్‌వాలాబాగ్‌ను దర్శించితిమి. 2021లో పునరుద్ధరింపబడిన పిమ్మట ప్రవేశమార్గపు గోడలపై శిల్పములు వెలసినవి గాని దారి ఇరుకుదారియే. అందు పట్టనందుననే జనరల్ డయ్యర్ తన రెండు సాయుధ శకటములను వెలుపల నిలిపి, సిపాయిలతో లోనికి నడిచెను.

అది 1919 ఏప్రిల్ 13, వైశాఖి దినము. రౌలట్ చట్టమును, తమ నాయకులైన డాక్టర్ సత్యపాల్, డాక్టర్ కిచ్లూల నిర్బంధమును నిరసించుటకు వేలమంది కూడియుండిరి. పండుగకు వచ్చిన పల్లెవారును, పిల్లలును అందుండిరి. హెచ్చరిక లేకుండ 50 మంది సిపాయిలు సుమారు 10 నిమిషములు 1,650 గుండ్లు కాల్చిరి. ప్రభుత్వపు లెక్కలో మృతులు 379. కాంగ్రెసు విచారణలో దాదాపు వేయి. ఆజ్ఞ ఇచ్చినది ఆంగ్లేయుడు. కాల్చినవారు అతని క్రింద కొలువున్న గూర్ఖా, బలూచి మొదలగు సిపాయిలు. రాత్రి 8 గంటల తరువాత బయట తిరుగరాదను కట్టడి ఉండుటచే గాయపడినవారికి సహాయము అందలేదు. రతన్ దేవి అను స్త్రీ తన భర్త శవమునకు కావలిగా ఆ రాత్రియంతయు అక్కడనే కూర్చుండెను.

గోడలోని గుండ్ల గుంటల చుట్టు తెల్లని గీతలు గీసియున్నవి. మాలో పెద్దవారొకరు ఒక గుంటపై వ్రేలు పెట్టి, వెంటనే తీసికొనిరి. ప్రాణభీతితో జనులు దూకిన బావియొద్ద మాలో ఎవరికిని మాట రాలేదు. లోనికి వెళ్ళునప్పుడు మాలో కోపముండెను. పరుల పాపమును చూడబోవుచున్నామని తలంచితిమి. అప్పుడు ఒకరు మెల్లగా, “ఆ దినము మట్టలాదివారము” అనిరి.

మా తలలు వంగెను. ఉదయమున మట్టలు పట్టి హోసన్నా పాడిన సామ్రాజ్యమే సాయంత్రము ఈ పని చేసెను. అంతటితో ముగియలేదు. ఏప్రిల్ 10న జరిగిన అల్లరులలో ఐదుగురు ఐరోపావారు చంపబడిరి. మిషను సేవకురాలైన మిస్ షెర్వుడ్‌ను ఒక సందులో గుంపు కొట్టెను. ఆమెను కాపాడినవారును ఆ ఊరి భారతీయులే. అయినను ఈస్టరుకు ముందటి దినమైన ఏప్రిల్ 19న, ఆ సందున పోవు భారతీయులందరు పొట్టపై ప్రాకవలెనని డయ్యర్ ఆజ్ఞాపించెను. ఒక క్రైస్తవురాలికి జరిగిన కీడు పేరిట ఈ అవమానము జరిగెనని తలంచగా మాకు కన్నీరు ఆగలేదు.

అయినను సాక్షులు లేకపోలేదు. సి. ఎఫ్. ఆండ్రూస్ అమృత్‌సర్‌కు రాగా మొదట నిర్బంధించి వెనుకకు పంపివేసిరి. ఆయన ఆ ఏటనే మరల పంజాబుకు వచ్చి బాధితుల గోడు వినెను. నూరేండ్ల తరువాత, 2019 సెప్టెంబరులో, అప్పటి క్యాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ ఆ స్మారకము ఎదుట నేలపై సాగిలపడెను. చనిపోయినవారు దానివలన లేచి రారు. కాని తప్పును తప్పనుటకు నూరేండ్లు ఆలస్యము కారాదని మేము గ్రహించితిమి.

ప్రియులారా, మన ఊళ్ళలో, మన సంఘములలో ఎవరినైన నేలపై ప్రాకునట్లు మనము చేయుచున్నామా? ఈ పండుగ సంవత్సరములో మన స్తుతిగీతములతోపాటు పాపపు ఒప్పుకోలునుకూడ ప్రభువు సన్నిధికి తెచ్చుదము గాక.