తల, మెడ క్యాన్సర్ నుంచి బయటపడ్డవారి మనోవేదన, ఆసరా

నోరు, నాలుక, దవడ, అంగిలి, గొంతు, స్వరపేటిక, ముక్కు వెనక భాగాల్లో వచ్చే క్యాన్సర్లను తల, మెడ క్యాన్సర్లంటారు. చికిత్స పూర్తయి ప్రాణం దక్కినా మాట, మింగడం, ముఖం తీరు మారిపోయినవారికి కలిగే దిగులు, సిగ్గు, ఒంటరితనం, వారికి అందవలసిన సాయం ఈ వ్యాస విషయం. ప్రపంచ క్యాన్సర్ లెక్కలు కట్టే గ్లోబోకాన్ 2022 అంచనా ప్రకారం భారతదేశంలో పెదవి, నోటి క్యాన్సర్లే ఏడాదికి 1,43,759 మందికి కొత్తగా వస్తున్నాయి. తెలుగు నేలలో ఈ జబ్బు మీద పరిశోధన 1930లలోనే మొదలైంది. దాన్నుంచి బయటపడి ఇల్లు చేరిన మనిషి మనసు వైద్యుల లెక్కలోకి రావడానికి మరో డెబ్బై ఏళ్లు పట్టింది.

పొగాకు, తునికాకు

ఈ జబ్బుకు దారితీసే పొగాకే బతుకుతెరువైన చోట్లు ఉన్నాయి. తెలంగాణలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అంచున ఉన్న అశ్వారావుపేట ప్రాంతం అలాంటిది. దాన్ని ఆనుకుని ఆంధ్రప్రదేశ్‌లోని జీలుగుమిల్లిలో పొగాకు పరిశోధన కేంద్రం ఉంది. ఇంకాస్త ముందుకెళ్తే జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం పొగాకు వేలం కేంద్రాలు. అడవి వైపు ఎండాకాలంలో కోయ కుటుంబాలు తునికాకు కోసి, యాభై ఆకులకో కట్ట కట్టి, కల్లాల్లో అమ్ముతాయి. బీడీ చుట్టేది ఆ ఆకుతోనే. ఏడాదిలో కొన్ని నెలల కూలి ఈ రెండు ఆకుల మీద ఆధారపడిన చోట, దవడకు ఆపరేషన్ అయిన మనిషిని పొగాకుకు దూరంగా ఉండమంటే సరిపోదు. అతను మళ్లీ పనికి వెళ్లేది ఆ పొగాకు చేలోకే, ఆకు ఆరబెట్టే ఆ బ్యారన్ దగ్గరికే.

జబ్బును లెక్కించిన కాలం

ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్టను నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది. దాన్ని అడ్డపొగ అంటారు. నిప్పు సెగ నేరుగా అంగిలికి తగులుతుంది. ఈ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1937లో కిణి, సుబ్బారావు, 1945లో ఖనోల్కర్, సూర్యాబాయి తమ వ్యాసాల్లో చర్చించారు. 1969లో వెలువడిన మెహతా, పిండ్‌బోర్గ్ బృందం సర్వే దేశంలోని అయిదు జిల్లాల్లో 50,915 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించింది. వాటిలో శ్రీకాకుళం ఒకటి. జబ్బు ఎందుకు వస్తోంది, ఎలా ఆపాలి అన్నవే ఆ తరం ప్రశ్నలు. అవి అవసరమైన ప్రశ్నలే.

చికిత్స వైపు చూస్తే, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరిట ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955లో ఏర్పడింది. బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి 2000లో వచ్చింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం, అప్పటిదాకా పొలం అమ్మితే తప్ప దొరకని ఆపరేషన్‌నూ, జనం 'కరెంటు పెట్టడం' అనే రేడియేషన్‌నూ తెల్లకార్డు ఇంటికి అందించింది. బతికి ఇల్లు చేరేవారు పెరిగారు.

ఇల్లు చేరాక

అసలు కష్టం చాలామందికి ఇక్కడే మొదలవుతుంది. రేడియేషన్ తర్వాత ఉమ్మి ఊరదు, ముద్ద గొంతు దిగదు. దవడ బిగుసుకుపోయి నోట్లో రెండు వేళ్లు కూడా పట్టవు. అన్నం మెత్తగా పిసికి పలచటి మజ్జిగలో కలిపి తాగాల్సిందే. పెళ్లి భోజనంలో బంతిలో కూర్చుంటే పెదవి పక్క నుంచి మెతుకులు జారతాయి. అందుకని పిలిచినా వెళ్లరు. మగవాళ్లు తువ్వాలు, ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. మాట ముద్దగా వస్తే తాగి మాట్లాడుతున్నాడనుకునేవారూ ఉంటారు. 'తాగినన్నాళ్లు చుట్ట తాగాడు, ఇప్పుడు అనుభవిస్తున్నాడు' అన్న మాట చెవిన పడితే, తన జబ్బుకు తానే కారణమన్న కుమిలిపాటు తోడవుతుంది. ఇంట్లో జబ్బు పేరు దాచే అలవాటు దాన్ని ఇంకా పెంచుతుంది. అందరికీ తెలిసిందే, ఎవరూ ఎత్తరు. చిన్న పుండు పొడిచినా మళ్లీ తిరగబెట్టిందేమోనని గుండె జారిపోతుంది.

ఈ బాధ తీవ్రతకు బయటి దేశంలో లెక్క ఉంది. అమెరికాలో 2018లో అచ్చయిన ఒక అధ్యయనంలో, తల, మెడ క్యాన్సర్ నుంచి బయటపడ్డవారిలో ఆత్మహత్యల రేటు ఏడాదికి లక్ష మందిలో 63.4గా తేలింది. ఇతర క్యాన్సర్లవారిలో అది 23.6 మాత్రమే.

మనసు వైద్యంలోకి

1977లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో మనోవైద్యురాలు జిమ్మీ హాలండ్ క్యాన్సర్ రోగుల మానసిక సేవ ప్రారంభించారు. 'నీ వేదన సున్నా నుంచి పది దాకా ఎంత?' అని అడిగే డిస్ట్రెస్ థర్మామీటర్ 1990ల చివర్లో వచ్చింది. స్వరపేటిక తీసేసినవారు అంతకుముందే, 1952లో, అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. మన దగ్గర బెంగళూరు వైద్యుడు విశాల్ రావు బృందం రూపొందించిన 'ఓం' స్వరయంత్రం సుమారు యాభై రూపాయలకే మాట తిరిగి ఇవ్వగలిగింది. మాట వస్తే దిగులు సగం తగ్గుతుందన్నది అతిశయోక్తి కాదు.

తెలుగు రాష్ట్రాల్లో మనోవేదన గురించిన పట్టింపు ప్రధానంగా నొప్పి వైద్యం దారినే వచ్చింది. ఎం.ఎన్.జె.లో డాక్టర్ గాయత్రి పాలట్ ఆధ్వర్యాన, బాధ తగ్గించే పాలియేటివ్ సేవ పెరిగింది. మాదకద్రవ్యాల చట్టానికి 2014లో చేసిన సవరణతో నొప్పి మందు మార్ఫిన్ దొరకడం సులువైంది. ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేంద్రాలు తెరిచి, ఇంటికి వెళ్లి చూసే 'ఆలన' బృందాలను పంపింది. ఇది గొప్ప అడుగు. కానీ జనం దృష్టిలో ఈ సేవ చివరి రోజులకే. జబ్బు నయమై, ముఖం మారి, ఇరవై ఏళ్లు బతకాల్సినవారు ఇటు రోగుల్లోనూ లేరు, అటు ఆరోగ్యవంతుల్లోనూ లేరు.

అశ్వారావుపేట నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు, రాజమండ్రి అందులో మూడో వంతు కూడా ఉండదు. కానీ 2014లో రాష్ట్రం విడిపోయాక రాజమండ్రి వేరే రాష్ట్రంలో ఉంది, రెండు రాష్ట్రాల ఆరోగ్య పథకాలు వేరయ్యాయి. పొరుగున ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి దూరమైతే మాట నేర్పే థెరపిస్టు, దవడ వ్యాయామం చెప్పేవారు కూడా దూరమైనట్టే.

2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు తెలుగులోనూ పలుకుతుంది. దిగులుతో నిద్రపట్టనివారికి, వారిని చూసుకునే భార్యకో కొడుక్కో అది ఏ వేళనైనా అందుతుంది. స్వరపేటిక తీసేశాక మాట తిరిగి రానివారు మాత్రం ఫోన్లో తమ బాధ చెప్పలేరు. చదువు రాని పెద్దవాళ్లు రాసి చూపలేరు. ఇంట్లోవాళ్లు వారి తరఫున మాట్లాడితే, ఇంట్లోవాళ్ల గురించే చెప్పాలనుకున్న మాట ఆగిపోతుంది. వారి దగ్గర కూర్చుని, సైగను అర్థం చేసుకునేందుకు శిక్షణ పొందిన ఆశా కార్యకర్తలు, ఇదే ఆపరేషన్ చేయించుకుని కుదుటపడ్డ పొరుగూరివారు రావాలి.