లీలావతిని అడిగిన లెక్క

భాస్కరాచార్యులు 1150లో రచించిన లీలావతిలో గుణకారానికి ఇచ్చిన ఉదాహరణ 135ను 12తో హెచ్చవేయడం. పన్నెండు అనడానికి ఆయన సూర్యవాచకాన్ని వాడారు, ద్వాదశాదిత్యులు కదా! (పండితుణ్ణి గనుక నా దృష్టి ముందు అక్కడికే పోయింది. లెక్కల మాస్టార్లు మన్నించాలి.)

అసలు విశేషం వేరు. ఆచార్యులు ఆ లెక్కను బాలికను సంబోధించి అడుగుతారు. పిమ్మట దానినే పలు తోవల్లో సాధిస్తారు. పన్నెండును ఎనిమిది, నాలుగుగా విడదీస్తే 1080, 540. మూడుతో హెచ్చించి, వచ్చిన 405ను నాలుగుతో హెచ్చించవచ్చు. పది, రెండుగానూ విడదీయవచ్చు. ఇరవైతో హెచ్చిస్తే 2700. అందులో ఎనిమిదింతలు, అంటే 1080, తీసివేయాలి. ఎటు పోయినా 1620కే చేరుతాము. తరగతిలో చర్చకు ఇంతకన్నా మంచి ముడిసరుకు ఏముంటుంది?

మరి మన బడి వల్లెవేతగా ఎందుకు మారింది? శాస్త్రాన్ని పద్యంలో బిగించింది జ్ఞాపకం కోసం. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెనిగించినదీ పద్యాల్లోనే. పద్యం కంఠస్థమై నిలిచింది. దానిపై జరగవలసిన సంభాషణ మాత్రం గురువు ఓపికను బట్టి సాగిందని నా ఊహ.

1823లో బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ తన జిల్లాలోని 533 బడులపై నివేదిక పంపాడు. వాటిలో 226 తెలుగు బడులు. పిల్లలు అర్థమెరుగక చిలుకల్లా పద్యాలు అప్పజెబుతున్నారని ఆక్షేపించాడు. ఆ నివేదికలోనే, పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పుతూ తమ చదువును గట్టిపరచుకునే పద్ధతిని మెచ్చుకున్నాడు. ఈ రెండవ మాటను మనవాళ్ళు గర్వంగా ఉదాహరిస్తారు, మొదటిది దాటవేస్తారు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. పిల్లల నోట మాట ఉంది. ‘ఎందుకు’ అన్న ప్రశ్న లేదు.

2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం గణితాన్ని పిల్లలు తమలో తాము మాట్లాడుకోదగిన, చర్చించుకోదగిన విషయంగా చూడాలన్నది. కాగితం మీద మంచి మాట. ఆ తరువాత కొన్నేళ్ళకు నేను పనిచేసిన ఒక బడిలో నాలుగో తరగతి పిల్ల ఇలాంటి గుణకారాన్నే పదింతలు, రెండింతలుగా విడదీసి కూడింది. జవాబు సరిపోయింది. పుస్తకంలోని వరుస కాదని సగం మార్కులు కోసేశారు. ఎలా చేశావమ్మా అని ఆమెను ఎవరూ అడగలేదు.