కొనేవారు లేని గుర్రం

గుర్రప్పందాల మాట ఎత్తితే మా నాన్నగారు కంచం ముందునుంచి లేచిపోయేవారు. మలక్‌పేట రేసుల్లో పొలం పోగొట్టుకున్న బంధువు మాకూ ఒకాయన ఉన్నాడు. అటువంటి ఇంట్లో పుట్టి పందెపు గుర్రం మీద వ్యాసమా అని మీరు నవ్వవచ్చు. తప్పు నాది కాదు, ఒక ముసలి రోగిది. “డాక్టర్, ఆంటారియోలో ఉంటూ నార్దర్న్ డాన్సర్ పేరు వినలేదా?” అని మంచం మీదనుంచే నన్ను నిలదీశాడు.

టొరాంటోలో 1860లో విక్టోరియా రాణి ఇచ్చిన 50 గినీల బహుమానంతో క్వీన్స్ ప్లేట్ పందెం మొదలైంది. ఆ ఏడు గెలిచింది డాన్ హువాన్. రాజు వచ్చాక 2023 నుంచి అది మళ్ళీ కింగ్స్ ప్లేట్.

నార్దర్న్ డాన్సర్ 1961 మే 27న ఓషవాలో, ఇ.పి. టేలర్ గారి విండ్‌ఫీల్డ్స్ ఫారంలో పుట్టింది. అక్కడి పందెపు గుర్రాలన్నిటికీ జనవరి 1నే వయసు పెరుగుతుంది. మేలో పుట్టిన పిల్ల జనవరిలో పుట్టినవాటి పక్కన పొట్టిగా కనబడక ఏం చేస్తుంది? 25,000 డాలర్లకు అమ్ముతామన్నా ఒక్కరూ కొనలేదు. టేలర్ గారికే మిగిలిపోయింది.

1964లో కెంటకీ డెర్బీకి వెళ్ళేనాటికి కూడా ఆ అనుమానం పోలేదు. అంతకుముందు దానిమీద ఫ్లారిడా డెర్బీ గెలిచిన జాకీ షూమేకర్ దాన్ని వదిలి, భారీ గుర్రం హిల్ రైజ్‌ను ఎంచుకున్నాడు. హార్టాక్ అనే జాకీ దీన్ని ఎక్కాడు. మైలుంబావు పరుగు. ఆఖరి మలుపు దాటాక పొట్టిది ముందు, హిల్ రైజ్ దాని వెనకాలే అంగలు వేస్తూ వస్తోంది. ఇంకో నాలుగు అంగలుంటే ఏమయ్యేదో! మెడంత తేడాతో డాన్సర్ గెలిచింది. సరిగ్గా 2 నిమిషాలు, అప్పటికి రికార్డు. 1973లో సెక్రటేరియట్ వచ్చేదాకా దాన్ని ఎవరూ దాటలేదు. కెనడాలో పుట్టిన గుర్రం డెర్బీ గెలవడం అదే మొదలు. తరువాత ప్రీక్‌నెస్ గెలిచింది, బెల్మాంట్‌లో మూడోది అయింది.

జూన్ 20న సొంత ఊళ్ళో, వుడ్‌బైన్‌లో క్వీన్స్ ప్లేట్. ఏడుంబావు గుర్రపు నిడివుల తేడాతో గెలిచింది. అదే ఆఖరి పందెం. ఎడమ ముందుకాలి స్నాయువు దెబ్బతింది.

నేను మనుషుల వైద్యుణ్ణే గాని, ఆ కాలి నిర్మాణం చూస్తే జాలేస్తుంది. ముందుకాలికి మోకాలి కింద కండ లేదు. పరుగు బరువంతా తాడులాంటి స్నాయువుల మీదే. తెగిన పోగులు అతుక్కుంటాయి, కాని మచ్చ కట్టిన చోట పాత సాగుడు రాదు.

18 పందేలు, 14 గెలుపులు, మూడేళ్ళకే విశ్రాంతి. దాని కొడుకు నిజిన్‌స్కీ 1970లో ఇంగ్లండులో ట్రిపుల్ క్రౌన్ గెలిచింది. పొట్టిదని వద్దన్నదాని సంతానం కోసం తరువాత కోటీశ్వరులు పోటీలు పడ్డారు. 1990లో మేరీలాండ్‌లో చనిపోతే తెచ్చి ఓషవాలోనే పాతిపెట్టారు.

మా రోగి ఆనాడు వుడ్‌బైన్‌లో ఉన్నాడట. రెండు డాలర్లు కాశాడట. గెలిచాడు గాని, అందరూ దానిమీదే కాసినందువల్ల చేతికొచ్చేది చిల్లరే. టికెట్టు మార్చుకోకుండా దాచుకున్నానని, ఈసారి వచ్చినప్పుడు తెచ్చి చూపిస్తానని చెప్పి ఇంటికి వెళ్ళాడు.