జలాశయములపై జనపదములు

1853-54 శీతకాలమున స్విట్జర్లాండులోని జూరిచ్ సరస్సు నీరు మిక్కిలి దిగిపోగా, బయటపడిన నేలను పూడ్చి తమ భూములలో కలుపుకొనవలెనని ఓబర్‌మైలెన్ గ్రామస్థులు బురద త్రవ్వనారంభించిరి. అందు దట్టముగా పాతిన కొయ్యస్తంభములును, వాని నడుమ రాతిగొడ్డళ్ళును, దుప్పికొమ్ముల పనిముట్లును కానవచ్చెను. ఆ ఊరి బడిపంతులు యోహానెస్ ఎప్లి జూరిచ్ పురావస్తు సంఘమునకు కబురంపగా, అధ్యక్షుడైన ఫెర్డినాండ్ కెల్లర్ పరిశీలించి 1854లోనే తన నివేదికను ప్రకటించెను.

సరస్సు నడుమ స్తంభములు నాటి, వానిపై విశాలమైన వేదిక పరచి, ఆ వేదికపై గుడిసెలు కట్టుకొని ఆదిమానవులు నివసించిరని కెల్లర్ నిశ్చయించెను. న్యూగినీ తీరవాసుల జలగృహముల చిత్రములే గాక, గ్రీకు చరిత్రకారుడైన హెరొడోటస్ ప్రాసియస్ సరస్సువాసులను గూర్చి చెప్పిన కథయు ఆయన ఊహకు బలమిచ్చెను. అచ్చట పురుషుడు పెండ్లాడిన ప్రతి భార్యకును మూడేసి స్తంభములు తెచ్చి నాటవలెనట. పసిపిల్లలు నీటిలో పడకుండ కాలికి త్రాడు కట్టుదురట. నేలతలుపు తెరచి బుట్ట దించినచో అది చేపలతో నిండునట. భార్యలు పెరిగిన కొలదియు ఊరి పునాది గట్టిపడుచుండెనన్నమాట! 1847లో అంతర్యుద్ధమున తమలో తాము పోరాడి, మరుసటి యేడు నూతన రాజ్యాంగముతో ఏకమైన స్విస్ ప్రజలకు, మతభేదమెరుగని తమ సరస్సులనాటి ఈ పూర్వులు ఎంతయు ప్రీతిపాత్రులైరి.

ఇరువదవ శతాబ్దమున ఓస్కర్ పారెట్, ఎమిల్ ఫోగ్ట్ మున్నగు పండితులు ఆ మనోహర చిత్రమును చెరిపివేసిరి. ఇండ్లు నీటిపై గాక ఒడ్డునగల మెత్తని నేలపైననే ఉండెననియు, తరువాత సరస్సు పెరిగి వానిని ముంచెననియు వారి వాదము. అయితే ఉత్తర ఇటలీలోని ఫియావే త్రవ్వకములలో నిజముగానే నీటిపై నిలిచిన ఇండ్ల స్తంభములు దొరికినందున, కెల్లర్‌ను పూర్తిగా త్రోసివేయుటయు న్యాయము కాదు. స్థలమును బట్టి, నీటిమట్టమును బట్టి వారు కట్టడపు తీరు మార్చుకొనిరనుటయే యుక్తము.

నా మట్టుకు ఈ వివాదముకంటె బురద దాచియుంచిన సంపదయే విలువైనది. సామాన్యముగా రాతియుగపు నెలవులలో రాయి, ఎముక, మట్టికుండ తప్ప తక్కినవెల్ల మట్టిలో కలిసిపోవును. ఇచ్చటనో, తడిమట్టిలో గాలి సోకని కారణమున, కుళ్ళిపోవలసిన వస్తువులే నిలిచినవి. యాకోబ్ మెస్సికొమ్మర్ అను రైతు 1858 మొదలుకొని రోబెన్‌హౌసెన్‌లో త్రవ్వగా, రెండుగా కోసి ఎండబెట్టిన అడవి ఆపిల్‌పండ్లును, మాడిన రొట్టె తునకలును, అవిసెనార వస్త్రములును, వలలును దొరికెను. వృక్షశాస్త్రజ్ఞుడు ఓస్వాల్డ్ హెయర్ గింజలను పరీక్షించి, గోధుమ, బార్లీ, గసగసాలు వారు పండించిరని తేల్చెను. స్తంభమునందలి వార్షిక వలయములను లెక్కించి, ఆ చెట్టు ఏ సంవత్సరమున నరకబడినదో నేటి శాస్త్రజ్ఞులు చెప్పగలుగుచున్నారు. ఆ లెక్కలను బట్టి పెక్కు ఊళ్ళు కొద్ది దశాబ్దములకే విడిచిపెట్టబడెనని తెలియుచున్నది.

ఆల్ప్స్ పర్వతముల చుట్టునున్న ఆరు దేశములలోని, క్రీ.పూ. 5000 నుండి 500 వరకు గల ఇట్టి 111 స్థలములను యునెస్కో 2011లో ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చినది. వానిలో అధికభాగము నీటి క్రిందను, నేల క్రిందను ఉండుటచే చూడవచ్చిన వారికి కనబడునది స్వల్పము. కాన్‌స్టాన్స్ సరస్సు తీరమునందలి ఉంటెరుల్డింగెన్ ప్రదర్శనశాలలో మాత్రము, 1922లో ఆరంభించి కట్టిన నమూనా ఇండ్లు నేటికిని కెల్లర్ ఊహించిన రీతిగ నీటిపైననే నిలిచియున్నవి.