వర్తక సంఘం ఎవరి గొంతు? – అమెరికా ప్రొపేన్ పరిశ్రమ అనుభవం

ప్రభుత్వాలు, రాజకీయ పార్టీలు, ప్రజా ఉద్యమాల గురించి మీరు ఇంతకుముందే చదివారు. వీటి నడుమ పెద్దగా కనిపించకుండా పనిచేసే మరో వ్యవస్థ వర్తక సంఘం. ఒకే సరకు అమ్మే పోటీదారులు తమ ఉమ్మడి ప్రయోజనాల కోసం ఏర్పరచుకొనే సంస్థను వర్తక సంఘం అంటారు. అది చట్టసభల ముందు, ప్రభుత్వ శాఖల ముందు సభ్యుల తరఫున వాదిస్తుంది. సభ్యులకు శిక్షణ, సమాచారం, సాంకేతిక సలహా అందిస్తుంది. ఇటువంటి సంఘం వాదన ప్రజాప్రయోజనంతో ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ వేరవుతుందో అమెరికా ప్రొపేన్ పరిశ్రమ ఆధారంగా పరిశీలిద్దాం.

నేపథ్యం

మన వంటింటి సిలిండరులో ఉండే ఎల్.పి.జి. ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ వాయువుల మిశ్రమం. అమెరికాలో ఇళ్లకు చేరేది ఎక్కువగా ప్రొపేన్. 1910 దశకం తొలి సంవత్సరాల్లో వాల్టర్ స్నెల్లింగ్ అనే రసాయన శాస్త్రవేత్త పెట్రోలు నుంచి ఆవిరైపోయే వాయువుల్లో దీనిని గుర్తించాడు. క్రమంగా ఇది గ్యాసు పైపులు చేరని గ్రామీణ ప్రాంతాలకు ఇంధనమైంది.

ఈ వాయువు స్వభావాన్ని గమనించండి. ఇది గాలి కంటే బరువైనది. లీకైతే నేలబారుగా పేరుకుంటుంది. దీనికి సహజంగా వాసన ఉండదు; అందుకే ఘాటైన వాసన పదార్థాన్ని కలుపుతారు. ఒక వ్యాపారి అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగితే, ప్రజల నమ్మకం సడలేది ఆ ఇంధనం మీదే. కాబట్టి ధర విషయంలో పోటీపడేవారు కూడా భద్రత విషయంలో కలిసి నడవవలసి వస్తుంది. నేటి నేషనల్ ప్రొపేన్ గ్యాస్ అసోసియేషన్ 1931లో వేరే పేరుతో మొదలైంది. చిల్లర అమ్మకందారులు, ఉత్పత్తిదారులు, పరికరాల తయారీదారులు దీని సభ్యులు.

చట్టబద్ధమైన రుసుము

1996లో అమెరికా కాంగ్రెస్ ప్రొపేన్ విద్య, పరిశోధన చట్టాన్ని చేసింది. దీని ప్రకారం అమ్మిన ప్రతి గాలన్‌పై కొద్దిపాటి రుసుము వసూలు చేస్తారు. ఇది సెంటులో పదో వంతుతో మొదలైంది. అర సెంటు మించరాదు. ఈ నిధితో భద్రత, శిక్షణ, పరిశోధన, వినియోగదారుల అవగాహన కార్యక్రమాలు నడపడానికి ఒక కౌన్సిల్ ఏర్పడింది. దాని సభ్యులను ఎంపిక చేసేవి పరిశ్రమ సంస్థలే.

ఈ చట్టం రెండు కట్టుబాట్లు విధించింది. మొదటిది, ఈ డబ్బును చట్టసభలను ప్రభావితం చేయడానికి వాడరాదు. సంఘం చేసే వాదనకూ, కౌన్సిల్ చేసే విద్యాకార్యక్రమాలకూ మధ్య గీసిన గీత ఇది. రెండవది, పోటీ ఇంధనాలతో పోలిస్తే ప్రొపేన్ ధర నిర్ణీత స్థాయిని మించి పెరిగితే కౌన్సిల్ ప్రచారం ఆపాలి. పరిశోధన, శిక్షణ, భద్రతలకే పరిమితం కావాలి. 2009లో ఈ ఆంక్ష నిజంగానే అమలులోకి వచ్చింది. కౌన్సిల్‌పై ప్రభుత్వ పర్యవేక్షణ బలపడాలని కాంగ్రెస్ తనిఖీ సంస్థ 2010లో సూచించింది.

2013–14 శీతాకాలం

2013 శరత్కాలంలో మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో మొక్కజొన్న పంట విస్తారంగా, తడిగా చేతికి వచ్చింది. దానిని ఆరబెట్టే యంత్రాలు ప్రొపేన్‌ను పెద్ద ఎత్తున వాడుకున్నాయి. ఎగుమతులు కూడా పెరిగాయి. నిల్వలు తగ్గిన తరుణంలో జనవరిలో తీవ్రమైన చలి వచ్చింది. ఆ దేశంలో ఇరవై ఇళ్లలో సుమారు ఒకటి ప్రొపేన్‌తోనే వెచ్చదనం పొందుతుంది. మధ్య పశ్చిమంలో గాలన్ ధర 4 డాలర్లు దాటింది.

సంఘం ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్‌ను ఆశ్రయించింది. 2014 ఫిబ్రవరి 7న కమిషన్ తన అత్యవసర అధికారాన్ని తొలిసారిగా వినియోగించింది. టెక్సాస్‌లోని మాంట్ బెల్వ్యూ నిల్వకేంద్రం నుంచి ఉత్తరాదికి వెళ్లే పైపులైనులో ప్రొపేన్‌కు తాత్కాలిక ప్రాధాన్యం ఇవ్వాలని ఆదేశించింది. ట్యాంకరు డ్రైవర్ల పని గంటల పరిమితిని కూడా ప్రభుత్వం తాత్కాలికంగా సడలించింది.

ఇక్కడ సంఘం కోరినదీ, చలిలో ఉన్న కుటుంబాలకు కావలసినదీ ఒక్కటే. అయితే మరో కోణం మరువకండి. ఒక సరకుకు ప్రాధాన్యం ఇస్తే అదే పైపులైనులో మరొకరి సరకు వేచి ఉండాలి. పని గంటల పరిమితి రోడ్డు భద్రత కోసం ఏర్పడినది. అత్యవసర వేళ తీసుకొనే ప్రతి నిర్ణయానికీ మూల్యం చెల్లించేవారు ఉంటారు.

అదే ఏడాది డిసెంబరులో, పైన చెప్పిన ధరల పోలిక పద్ధతిని మరో చట్టం మార్చింది. ఒకే సంవత్సరంలో, ఒకే పరిశ్రమకు సంబంధించి, చలి నుంచి కాపాడిన ఆదేశం ఒకటి. ప్రచారంపై ఆంక్షకు ఆధారమైన కొలబద్దను మార్చిన చట్టం మరొకటి. మొదటిది చూసి రెండవదాన్ని ప్రశ్నించకుండా వదలరాదు. రెండవది చూసి మొదటిదాన్ని తక్కువ చేయరాదు.

ముగింపు

మన దేశంలో ఇళ్లకు ఎల్.పి.జి. సరఫరా ప్రధానంగా మూడు ప్రభుత్వరంగ సంస్థల చేతిలో ఉంది. కొరత వస్తే ప్రశ్న నేరుగా ప్రభుత్వానికే చేరుతుంది. అమెరికాలో ప్రైవేటు వ్యాపారులు అనేకమంది. వారి తరఫున ప్రభుత్వంతో మాట్లాడేది సంఘం. కానీ గాలన్‌పై రుసుము భారం చివరకు చేరగల వినియోగదారు ఆ సంఘంలో సభ్యుడు కాడు. అందువల్ల ఏ వర్తక సంఘం పత్రాన్ని చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎవరి తరఫున మాట్లాడుతోంది? దీనికి డబ్బు ఎవరు ఇస్తున్నారు? ఈ కోరిక నెరవేరితే ఎవరు వేచి ఉండాలి?

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1996 చట్టం విధించిన రెండు కట్టుబాట్లు ఏవి? వాటి అవసరాన్ని వివరించండి.
2. 2013–14 శీతాకాలంలో ప్రొపేన్ కొరతకు దారితీసిన కారణాలను చర్చించండి.