ఒంటికాలి చరిత్ర

మా ప్రొద్దుటూరు బడిలో ఎక్కాలు రాకపోతే గోడకుర్చీ, ఆలస్యమైతే ఒంటికాలి మీద నిలబడడం. డ్రిల్లు మాస్టరుగా రిటైరైనాక అదే నిలుపును వృక్షాసనం పేరుతో జమ్మలమడుగు, పులివెందుల దాకా పోయి నేర్పిస్తున్నా. నేర్చుకునేవాళ్లు తప్పకుండా అనే మాట ఒకటుంది: "ఇది మన ఋషులు యోగంలో ఎప్పుడో చెప్పిందే కదా సార్!" సగమే నిజం.

నిలుపు పాతదే. కానీ మొదట అది తపస్సు చేసేవాళ్ల సొత్తు. మహాబలిపురంలో ఏడో శతాబ్దపు పల్లవుల కొండశిల్పం చూడండి. పక్కటెముకలు తేలిన తపస్వి ఒంటికాలి మీద నిలబడి, రెండు చేతులూ తలపైకి ఎత్తి ఉంటాడు. అర్జునుడని కొందరు, భగీరథుడని కొందరు అంటారు. ఆయన్ను చూసి కళ్లు కిందికి దించితే, అదే తీరున చేతులెత్తిన పిల్లి, దాన్ని నమ్మి చుట్టూ చేరిన ఎలుకలు. దొంగజపాన్ని ఎగతాళి చేయడానికి ఆ శిల్పి మన కాలం దాకా ఆగలేదు. మనకు దగ్గర్లోని లేపాక్షిలో మండపం కప్పు మీద అర్జునుడి తపస్సున్న కిరాతార్జునీయం కథ రంగుల్లో ఉంది, అచ్యుతదేవరాయల కాలంనాటిది.

ఆ తపస్సు ఒళ్లు బాగుపడడానికి కాదు. ఒంటిని మాడ్చి దేవుణ్ణి దిగి రప్పించడానికి. పులివెందులలో చీనీతోట రైతొకాయన "మనకేం వరమొస్తుంది సార్?" అని అడిగితే, "బాత్రూములో జారిపడరు" అన్నా. ఆయన మరుసటి రోజు భార్యనూ పిలుచుకొచ్చాడు.

యోగ గ్రంథాలు ఈ నిలుపును పట్టించుకున్నది ఆలస్యంగానే. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో స్వాత్మారాముడు చెప్పిన ఆసనాలు 15. చేతుల మీద ఒంటిని లేపే మయూరాసనం కూడా ఉంది గానీ ఒంటికాలిది లేదు. ఆ తర్వాతి ఘేరండ సంహితలోని 32 ఆసనాల్లో వృక్షాసనం కనిపిస్తుంది: కుడిపాదం ఎడమతొడ మొదట్లో ఆనించి చెట్టులా నిలబడాలి. 1930లలో మైసూరు మహారాజు అండతో కృష్ణమాచార్య యోగశాల నడిపారు. ఆయన శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగార్ 1966లో తెచ్చిన 'లైట్ ఆన్ యోగా'లో తాడాసనం వెంటనే దీన్నే పెట్టారు. ఇప్పుడు యోగా దినోత్సవమని జూన్ 21న సర్కారు చేయించే ఆసనాల్లోనూ ఉంది.

నాట్యానిది ఇంకో దారి. పుట్టపర్తి నారాయణాచార్యులు 'శివతాండవం' రాసింది మా ఊరి అగస్త్యేశ్వరస్వామి గుడిలోనే. ఆ తాండవమాడే నటరాజు పేరుతో ఒక ఆసనముంది. తమాషా ఏమంటే, విగ్రహంలో స్వామి కాలు ముందుకు ఎత్తి ఉంటాడు, ఆసనంలో మనం వెనక్కి లాగి పట్టుకుంటాం. పేరొక్కటే స్వామిది.

వృక్షాసనానికి నేనైతే కడప బండ మీద, చెప్పుల్లేకుండా, గోడకు మూరెడు దూరంలో నిలబెడతా. పాదం తొడకన్నా ఆనాలి, పిక్కకన్నా ఆనాలి, మోకాలికి మాత్రం వద్దు. చూపు ఎదురుగా కదలని వస్తువు మీద పెట్టాలి, తిరిగే ఫ్యాను మీద కాదు. చీలమండ కాస్త అటూ ఇటూ ఆడితే కంగారు పడొద్దు, మిమ్మల్ని నిలబెట్టడానికే అది తంటాలు పడుతోంది. అర నిమిషమైనాక కాలు మార్చండి. తల తిరిగే జబ్బున్నవాళ్లు గోడ వదలొద్దు.